కిరాయి వాయిదా పడింది, బాకీ మిగిలింది

లాక్‌డౌన్ ఎత్తివేసి ఏళ్లు గడిచాయి. అయినా ఆనాటి ఇంటి కిరాయి తగాదాలు ఇప్పటికీ మా సంఘం ఆఫీసు గడప తొక్కుతూనే ఉన్నాయి. మొన్న ఇద్దరు కలిసి వచ్చారు. ఒకరు ఎనుమాముల మార్కెట్లో బస్తాలు మోసే హమాలీ. రెండో మనిషి, అతను కిరాయికి ఉండిన ఇంటామె. కరీమాబాద్‌లో రెండు రేకుల గదులు, భర్త లేడు. ఆమె చేతిలో ఒక పాత నోటుబుక్కు. 2020 మార్చి, ఏప్రిల్, మే. నెలకు రెండున్నర వేల చొప్పున ఏడున్నర వేలు. అందులో నాలుగు వేలు ముట్టినట్టు రాసి ఉంది. మూడున్నర వేలు నిలిచిపోయాయి.

"సర్కారు మాఫ్ చేసింది గదా అన్నా" అన్నాడు హమాలీ.

"మాఫ్ కాదు బిడ్డా, తర్వాత ఇయ్యిమన్నరు. మరి నేనేం తిని బతకాలె?" అన్నది ఆమె.

ఇద్దరిలో ఎవరూ అబద్ధం ఆడటం లేదు. ఇద్దరూ రెక్కల కష్టం మీద బతికినవాళ్లే. మూడున్నర వేల కోసం ఒకరి మొహం ఒకరు చూసుకోలేని పరిస్థితి వచ్చింది. అసలు బాకీదారు మాత్రం ఆ రోజు మా ఆఫీసుకు రాలేదు. ఆ బాకీదారు ఎవరో తేల్చి చెప్పటానికే ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

ఉత్తర్వులు ఏం చెప్పాయి?

2020 మార్చి 29న కేంద్ర హోం శాఖ ఒక ఉత్తర్వు ఇచ్చింది. వలస కార్మికులతో సహా కూలీలు ఎక్కడ కిరాయికి ఉన్నా ఇంటి యజమానులు నెల రోజులపాటు కిరాయి అడగరాదన్నది. కూలీలను, విద్యార్థులను ఖాళీ చేయమని బలవంతపెడితే 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం కింద చర్య తీసుకుంటామన్నది. ఏప్రిల్ 19న నాటి ముఖ్యమంత్రి కేసీఆర్ మంత్రివర్గ సమావేశం తర్వాత మరో మాట చెప్పారు. మార్చి, ఏప్రిల్, మే, ఈ మూడు నెలల కిరాయి ఎవరూ వసూలు చేయరాదు. తర్వాత వాయిదాల మీద, వడ్డీ లేకుండా తీసుకోవాలి. ఎవరైనా వేధిస్తే 100 నంబరుకు ఫోను చేయండి అన్నారు.

ఈ మాటలు ఆ రోజుల్లో అవసరమైనవే. అడ్డా మీద పని లేదు, మార్కెట్ మూతపడింది, హోటళ్లు బంద్, ఇటుక బట్టీలు బంద్. ఆ స్థితిలో పిల్లాజెల్లలతో ఒక్క కూలీ కుటుంబం బజారున పడకుండా ఆపినా ఆ ఉత్తర్వు మంచిదే. దాన్ని మేము కాదనం. కిరాయిదారును రోడ్డు మీద పడేసే హక్కు ఏ యజమానికీ లేదు. అప్పుడూ అదే అన్నాం, ఇప్పుడూ అదే అంటున్నాం.

కానీ ఆ ఉత్తర్వులో లేనిదేమిటో చూడాలి. మాఫీ లేదు, వాయిదా మాత్రమే ఉంది. వాయిదా వేసిన సొమ్ము రేపు ఎవరు కట్టాలి? పని పోయిన కూలీయే కట్టాలి. కూలీ కట్టలేకపోతే ఎవరు నష్టపోవాలి? ఇంటి యజమానే నష్టపోవాలి. ఉత్తర్వు ఇచ్చిన సర్కారు వాటా ఎంత? ఒక్క పైసా లేదు. ఇద్దరు పేదల మధ్య ఒక బాకీని పెట్టి, మీరూ మీరూ చూసుకోండి అని సర్కారు పక్కకు తప్పుకున్నది.

సర్కారు ఏమీ ఇవ్వలేదని అనటం లేదు. తెల్ల కార్డున్న ఇంటికి మనిషికి 12 కిలోల బియ్యం, కార్డుకు 1,500 రూపాయలు ఇచ్చింది. వలస కూలీలకు 12 కిలోల బియ్యం, 500 రూపాయలు ఇచ్చింది. బియ్యం కడుపులోకి పోయినయి. పదిహేను వందలు ఉప్పు పప్పులకు, మందుగోలీలకు చాలలేదు. ఇక రెండున్నర వేల కిరాయి ఎక్కడి నుంచి వస్తుంది?

ఇంటి యజమాని అంటే ఎవరు?

మన కార్యకర్తల్లో చాలామందికి "ఇంటి యజమాని" అనగానే మీసం మెలేసే దొర గుర్తుకొస్తాడు. పల్లెలో భూస్వామిని చూసిన కళ్లు గనుక ఆ పొరపాటు సహజం. కానీ వరంగల్‌లో బస్తీ బస్తీ తిరిగితే మూడు రకాల యజమానులు కనిపిస్తారు.

మొదటి రకం, ఒకటి రెండు గదులు కిరాయికిచ్చి దాని మీదే బతికేవాళ్లు. 1934లో పెట్టిన ఆజంజాహీ మిల్లులో జీవితం అరగదీసి, మిల్లు మూతపడ్డాక పెరట్లో రేకుల గది వేసి కిరాయికిచ్చినవాళ్లున్నారు. పల్లెలో ఉన్న అరెకరం అమ్ముకుని ఊరి చివర వంద గజాల జాగా కొని, ముందు గదిలో తాము ఉండి వెనక గది కిరాయికిచ్చిన కూలీ కుటుంబాలున్నాయి. ముసలితనానికి ఆ గదే పింఛను. కొడుకు చూడకపోయినా గది చూస్తుందన్న ధైర్యం.

రెండో రకం, ఉద్యోగం చేసి రిటైరై, బ్యాంకులో అప్పు తెచ్చి పైన ఒక అంతస్తు వేసుకున్నవాళ్లు. కిరాయి వస్తేనే బ్యాంకు కిస్తీ పోతుంది.

మూడో రకం, హాస్టళ్లకూ కాలేజీలకూ దుకాణాలకూ బిల్డింగులకు బిల్డింగులు లీజుకిచ్చే బడా యజమానులు. వీళ్లకు లాక్‌డౌన్ ఒక నష్టం, అంతే. బతుకుదెరువు సమస్య కాదు.

ఉత్తర్వు ఈ ముగ్గురినీ ఒకే గాటన కట్టింది. బడా యజమాని తన లాయరుతో, తన పలుకుబడితో ఎట్లాగో వసూలు చేసుకున్నాడు. రెండు గదుల ముసలమ్మకు లాయరూ లేడు, పలుకుబడీ లేదు. కిరాయి అడిగితే పోలీసులొస్తారేమోనని భయపడి నోరు మూసుకున్నది.

విద్యార్థుల గదుల సంగతి వేరే. నయీంనగర్, కిషన్‌పురలో పిల్లల కిరాయిల మీద బతికే ఇళ్లెన్నో. 2020 మార్చిలో కాలేజీలు మూయగానే పిల్లలు మూట కట్టుకుని ఊళ్లకు పోయారు. 2021 ఫిబ్రవరి 1న కాలేజీలు తెరిచారు, మార్చి 24 నుంచి మళ్లీ మూశారు. దాదాపు ఏడాది గదులకు తాళాలే. ఇక్కడ కిరాయి ఆపింది ఉత్తర్వు కాదు, అసలు కిరాయిదారే లేడు. మూడు నెలల వాయిదా మాట చెప్పిన సర్కారుకు ఈ ఏడాది నష్టం కంటికే ఆనలేదు.

సర్కారు ఒక న్యాయం, జనానికి ఒక న్యాయం

ఇప్పుడు అసలు ముచ్చటకు వద్దాం. ఇంటి యజమానిని "మూడు నెలలు ఆగు, వడ్డీ అడగకు" అన్న సర్కారు తన సంగతి ఏం చేసింది?

2020 మార్చి 30న రాష్ట్ర సర్కారు తన ఉద్యోగుల జీతాల్లో, రిటైరైనవాళ్ల పింఛన్లలో కోత పెట్టింది. పింఛను సగానికి సగం ఆపింది. నాలుగో తరగతి వాళ్లకు పది శాతం ఆపింది. తర్వాతి నెల కోతను తగ్గించినా పూర్తి పింఛను ఇవ్వలేదు. కోర్టులో ప్రశ్నలు రావటంతో జూన్‌లో ఏకంగా ఆర్డినెన్సు తెచ్చుకుని ఆ కోతకు చట్టం ముసుగు వేసింది. ఆపిన సొమ్మును తర్వాత వాయిదాల్లో చెల్లించింది. అంటే రిటైరైన బడిపంతులుకు ఒకే నెలలో రెండు దెబ్బలు. పైగది కిరాయి రాలేదు, చేతికొచ్చే పింఛను సగమైంది. రెండూ ఆపింది సర్కారే. మరి ఆయన ఇంటి ఖర్చును ఎవరు వాయిదా వేశారు?

బ్యాంకుల సంగతి చూడండి. మార్చి 27న రిజర్వు బ్యాంకు మూడు నెలల కిస్తీలు ఆపుకోవచ్చన్నది. మే 22న దాన్ని ఆగస్టు 31 దాకా పొడిగించింది. వినటానికి బాగానే ఉంది. కానీ కిస్తీ ఆగింది, వడ్డీ ఆగలేదు. వడ్డీ మీద వడ్డీ వేయొద్దని సుప్రీంకోర్టు 2021 మార్చి 23న తీర్పు చెప్పింది. అసలు వడ్డీని మాత్రం మాఫ్ చేయటానికి ఒప్పుకోలేదు. లెక్క ఇప్పుడు తేటగా కనపడుతున్నది. ఇంటి యజమాని కిరాయిదారు దగ్గర వడ్డీ తీసుకోరాదు, ఇది న్యాయమే. అదే యజమాని దగ్గర బ్యాంకు మాత్రం వడ్డీ తీసుకోవచ్చు! చిన్నవాడు వడ్డీ వదులుకోవాలె, పెద్దవాడికి వడ్డీ కట్టాలె. ఇదేనా విపత్తు భారాన్ని అందరం పంచుకోవటం?

కరెంటు సంగతీ అంతే. ఏప్రిల్, మే నెలల్లో మీటరు రీడింగు తీయలేదు. జూన్‌లో మూడు నెలల బిల్లు ఒక్కసారే వచ్చి పడ్డది. ఇంటామెకూ కిరాయిదారుకూ ఒకే మీటరున్న ఇళ్లలో ఆ బిల్లు మీద జరిగిన కొట్లాటలు మేమెన్నో తీర్చాం. కిరాయిదారు ఊరికి పోయి గదికి తాళం వేసి ఉంటే, ఆ బిల్లు ఎవరి వంతు? ఏ ఉత్తర్వులోనూ జవాబు లేదు.

ఒక్క మంచి మాట దాచిపెట్టం. 2020 నవంబరులో ఇంటిపన్ను కొంత తగ్గించారు. హైదరాబాద్ బయటి పట్టణాల్లో 10 వేల రూపాయల దాకా పన్ను ఉన్న ఇళ్లకు ఆ ఏడాది పన్నులో సగం మాఫ్ చేశారు. చిన్న యజమానికి నేరుగా అందింది ఇదొక్కటే. అయితే రేకుల గదికి సగం పన్ను అంటే ఎంత? ఒక నెల కిరాయి కూడా కాదు. హైదరాబాద్ కార్పొరేషన్ ఎన్నికలు పక్షం రోజుల్లో ఉన్నాయన్న సంగతి కూడా జనం మరిచిపోలేదు.

మా పొరపాటు

ఇతరులను అనేముందు మా తప్పు కూడా చెప్పుకోవాలి. 2020 ఏప్రిల్‌లో మేము బస్తీల్లో తిరిగి "మూడు నెలల కిరాయి కట్టనక్కర లేదు" అని చెప్పాం. "ఇప్పుడు కట్టనక్కర లేదు" అని చెప్పాల్సింది. ఆ ఒక్క "ఇప్పుడు" మా నోట రాలేదు. జనానికి మాఫీ అని అర్థమైంది. జూన్ వచ్చేసరికి యజమానులు బాకీ అడిగారు. కిరాయిదార్లు మా పేరు చెప్పి ఎదురు తిరిగారు. కొన్ని చోట్ల యజమాని మోటరు బంద్ పెట్టి నీళ్లాపాడు. ఖాళీ చేయమని నోటితో అనకుండానే ఖాళీ చేయించాడు. అటు తర్వాత గది కావాలని పోయిన కూలీలను మూడు నెలల అడ్వాన్సు అడిగారు. "మీ సంఘపోళ్లకు ఇయ్యం" అన్నవాళ్లూ ఉన్నారు.

కిరాయి పత్రం ఏ ఒక్కరి దగ్గరా లేదు. అన్నీ నోటిమాట ఒప్పందాలే. 1960 నాటి కిరాయి నియంత్రణ చట్టం ఉన్నది. అది వర్తించే ఇంట్లో కిరాయిదారును ఖాళీ చేయించాలంటే యజమాని రెంట్ కంట్రోలర్ ముందుకు పోవాలి. కానీ కాగితం లేని కూలీ ఏం చూపించి నిలబడతాడు? కాగితం లేని ముసలమ్మ ఏం చూపించి బాకీ అడుగుతుంది? నోటిమాట బలవంతుడికే పనికొస్తుంది. పేదలిద్దరినీ అది ముంచుతుంది. 2021 జూన్ 2న కేంద్ర మంత్రివర్గం ఒప్పుకున్న నమూనా కిరాయి చట్టం రాతపూర్వక ఒప్పందం ఉండాలన్నది. ఆ మాట వరకు మంచిదే. విపత్తు వచ్చినప్పుడు ఆగిన కిరాయిని ఎవరు భరించాలన్న ప్రశ్నకు మాత్రం అందులోనూ జవాబు దొరకదు.

బయట ఏం జరిగింది?

ఇది ఒక్క మన వరంగల్ గోస కాదు. ఢిల్లీలో నాటి ముఖ్యమంత్రి కేజ్రీవాల్ 2020 మార్చి 29న, కిరాయి కట్టలేని పేదల తరఫున సర్కారే కడుతుందని అందరి ముందు మాట ఇచ్చారు. ఆ మాట నిలబెట్టుకోలేదని కొందరు కిరాయిదార్లు, వాళ్లతోపాటు ఒక ఇంటి యజమాని కలిసి హైకోర్టుకు పోయారు. కిరాయిదారూ యజమానీ ఒకే పక్షాన నిలబడ్డారు, గమనించండి! ముఖ్యమంత్రి ఇచ్చిన మాట గాలిమాట కాదు, అమలు చేయదగినదేనని 2021 జూలై 22న ఒక న్యాయమూర్తి తీర్పు చెప్పారు. సెప్టెంబరులో ఇద్దరు న్యాయమూర్తుల బెంచి దానిమీద స్టే ఇచ్చింది. స్టే వచ్చినా ఆ కేసు ఒక దారి చూపింది. బాకీ ఎవరిదని అడగాలో ఆ జనానికి తెలిసింది.

అమెరికాలో 2020 మార్చి నుంచే కొన్ని ఇళ్లలో ఖాళీ చేయించటాన్ని ఆపారు. సెప్టెంబరులో దాన్ని దేశమంతటికీ పెంచారు. 2021 ఆగస్టు 26న అక్కడి సుప్రీంకోర్టు ఆ నిషేధాన్ని కొట్టేసింది. కానీ అక్కడి పార్లమెంటు నిషేధంతో చేతులు దులుపుకోలేదు. కిరాయి సాయం కింద దాదాపు 4,650 కోట్ల డాలర్లు కేటాయించింది. ఆ సొమ్మును కిరాయిదారు తరఫున నేరుగా ఇంటి యజమానికి ఇచ్చే ఏర్పాటు ఉన్నది. అయితే 2021 జూలై చివరికి పంచింది అందులో 11 శాతమే. దరఖాస్తులు, కాగితాలు, ఆఫీసుల చుట్టూ తిరగటం. చిన్న యజమానులు ఏడాదికి పైగా కిరాయి లేక అల్లాడారు. డబ్బున్న దేశం గనుక మనం అన్నిటికీ అటు చూడనక్కర లేదు. ఒక్క పాఠం చాలు. ఖాళీ చేయించొద్దనే హుకుం వెంట సొమ్ము రావాలి. ఆ సొమ్ము సమయానికి రావాలి. రాకపోతే హుకుం కాగితానికే పరిమితం.

పొలంలో ఏం జరిగింది?

వ్యవసాయ కూలీలకు, కౌలు రైతులకు ఈ పట్నం కిరాయి గొడవ ఎందుకని అడిగేవాళ్లుంటారు. ఇంటి కిరాయిలో జరిగిందే భూమి కౌలులోనూ జరిగింది గనుక.

ఇంటి కిరాయి మూడు నెలలు వాయిదా వేయమన్న ఆ ప్రకటనలో భూమి కౌలు ఊసే లేదు. మిరపకాయ అమ్ముకునే రోజుల్లో ఎనుమాముల మార్కెట్ మూతపడింది. కౌలు మాత్రం ముట్టజెప్పాల్సిందే. అదే 2020 వానాకాలంలో రైతుబంధు కింద ఎకరానికి 5,000 రూపాయలు పట్టాదారు ఖాతాలో పడ్డాయి. వంద ఎకరాలున్నా పడ్డాయి. దున్నిన కౌలు రైతుకు ఒక్క రూపాయి రాలేదు. రెండు గదుల ముసలమ్మను ఆగమన్న సర్కారు వంద ఎకరాల ఆసామికి మాత్రం ఆగకుండా ఇచ్చింది. సొమ్ము లేక కాదు. సొమ్ము ఎవరికి పోవాలో నిర్ణయించిన చేయి ఎవరిదన్నదే ప్రశ్న.

కాగితం మీది రక్షణ ఎట్లా ఉంటుందో తెలంగాణ కౌలుదారుకు కొత్తగా చెప్పాల్సిన పని లేదు. 1950లో హైదరాబాద్ కౌలుదారీ, వ్యవసాయ భూముల చట్టం వచ్చింది. రక్షిత కౌలుదార్లన్నారు. చట్టం పుస్తకంలో ఉండగానే ఎందరో దొరలు భయపెట్టి, వేలిముద్రలు వేయించుకుని బేదఖళ్లు చేశారు. వెనక సంఘం ఉన్నచోట చట్టం నిలబడింది. సంఘం లేనిచోట చెదలు పట్టింది. ఇంటి కిరాయి విషయంలోనూ మనకు అదే గుణపాఠం.

ఏం కావాలి?

మళ్లీ విపత్తు రాదని ఎవరూ చెప్పలేరు. 2023 జూలైలో వరదొచ్చి వరంగల్ కాలనీలు మునిగినప్పుడు కిరాయిదారు సామాను పోయింది, ఇంటామె గోడ కూలింది. ఆ ఇద్దరూ మళ్లీ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కనుక ఇప్పుడే అడగాలి.

ఒకటి: విపత్తు చట్టం కింద కిరాయి ఆపమని సర్కారు ఉత్తర్వు ఇస్తే, పేద కిరాయిదారు తరఫున ఆ కిరాయి సర్కారే కట్టాలి. దానికి ముందే నిధి ఉండాలి.

రెండు: ఒకటి రెండు గదుల కిరాయి మీదే బతికే వితంతువులకు, ముసలివాళ్లకు, కూలీ కుటుంబాలకు ఆ సొమ్ము మొదట అందాలి. బడా యజమానుల పేర్లు ఆ జాబితాలో ఉండరాదు.

మూడు: కిరాయి ఆగిన నెలలకు చిన్న యజమాని ఇంటి అప్పు మీద వడ్డీ ఆగాలి. ఇంటిపన్ను, కరెంటు బిల్లు కూడా ఆగాలి.

నాలుగు: విపత్తు రోజుల్లో ఏ కూలీనీ, ఏ విద్యార్థినీ ఖాళీ చేయించరాదు. నీళ్లూ కరెంటూ ఆపటం కూడా ఖాళీ చేయించటంగానే లెక్కించాలి.

ఐదు: ఇంటి కిరాయికి చేసిన ప్రతి సాయం భూమి కౌలుకూ వర్తించాలి. సాగు చేసేవాడికి గుర్తింపు ఉండాలి.

ఆరు: ఇల్లు లేని ప్రతి కూలీ కుటుంబానికీ ఇంటి జాగా, ఇల్లు ఇవ్వాలి. సొంత గూడు ఉన్ననాడు ఈ కిరాయి గోస సగం తీరుతుంది.

సంఘం కార్యకర్తలకు ఒక మాట. మీ బస్తీలో, మీ ఊళ్లో కిరాయి ఎంత, అడ్వాన్సు ఎంత, ఏ తేదీన ముట్టింది అన్నది చిట్టీ మీద రాయించండి. ఇద్దరి సంతకాలు పెట్టించండి. రాయటం రానివాళ్లకు మీరు రాసిపెట్టండి. కిరాయిదార్ల మీటింగుకు రెండు గదుల యజమానులను కూడా పిలవండి. వాళ్లు రారనుకోవద్దు. పిలిస్తే వస్తారు.

మొన్న మా ఆఫీసుకు వచ్చిన ఆ ఇద్దరి పంచాయితీ ఎట్లా తెగిందో చెప్పి ముగిస్తాం. నెలకు ఐదు వందల చొప్పున ఏడు నెలల్లో ఇస్తానని హమాలీ ఒప్పుకున్నాడు. ఇంటామె ఒప్పుకున్నది. నోటుబుక్కులో రాసుకున్నారు, వేలిముద్ర వేసింది. పోయేముందు ఆమె గడపలో ఆగి అడిగింది: "గీ ఐదు వందలు గీయన కూలీ పైసలే గదా బిడ్డా. గా సర్కారు ఇయ్యవలసినయి ఎప్పుడిస్తది?"

ఆ ప్రశ్న మా ఒక్కరిది కాదు. ఇంటామెదీ, హమాలీదీ, కౌలు రైతుదీ. ముగ్గురూ కలిసి ఒకే గొంతుతో అడగాల్సిన ప్రశ్న అది.